మా ఆడపడుచు గ్లూకగాన్

గిన్నెలు తోముతూ పైకి వల్లిస్తుంటే వెనకనుంచి మా అత్తగారు, "ఎవర్నే తిట్టుకుంటున్నావు?" అన్నారు.

తిట్టుకోవడం కాదు. గ్లైకోజెన్, గ్లూకగాన్, గ్లైకాలిసిస్, గ్లూకోనియోజెనిసిస్. ఈ పేర్లు పెట్టిన మహానుభావుడెవడో గాని, వాళ్ళింట్లో పిల్లలందరికీ ఒకటే పేరు పెట్టుకుని ఉంటాడు. బయోకెమిస్ట్రీ పేపరు రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ వీటి దగ్గరే. ఈరోజు పదింటికి ఆఖరి అవకాశం. ఇది పోతే డిగ్రీ పోయినట్టే, ల్యాబులో ఇస్తామన్న ఉద్యోగమూ పోయినట్టే. "నీ బుర్రకెక్కవులే, వదిలెయ్," అంటారు మా ఆయన, జాలిగానే.

నా బుర్రకెక్కవా! పెళ్ళైన కొత్తలో ఈ ఇంట్లో ఎన్ని ఎక్కించుకున్నాను! మా ఆయన మేనత్త నాకు పిన్ని వరసవుతుందని తెలియక "అత్తయ్యగారూ" అని పిలిస్తే, వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడాదిపాటు నవ్వారు. ఎవరు ఎవరికి తోడికోడలో, ఎవరి కాఫీలో చక్కెర వెయ్యకూడదో, ఎవరి ముందు ఎవరి ఊసెత్తకూడదో, పుస్తకం లేకుండా, మాస్టారు లేకుండా నేర్చుకున్నాను. అప్పుడు ఒక్కరికీ నా బుర్ర మీద అనుమానం రాలేదు.

అందుకే ఈసారి వీటికీ వరసలు కలిపేశాను. ఇన్సులిన్ మా అత్తగారు. ఒంట్లో మిగిలిన చక్కెరని లివర్లో దాచిపెట్టమంటుంది. ఆ దాచిందే గ్లైకోజెన్. గ్లూకగాన్ మా ఆడపడుచు. వచ్చీ రాగానే దాచిందంతా బయటికి తియ్యమంటుంది. వరస తెలిశాక ఇంక మర్చిపోతే ఒట్టు.

ఆ ఆడపడుచే ఈరోజు అత్తింటివాళ్ళందరినీ వెంటబెట్టుకుని భోజనానికి వస్తోందట. ఆ మాట ఇప్పుడు, నేను గిన్నెలు బోర్లిస్తుంటే, తీరిగ్గా వచ్చి చెప్పారు మా ఆయన.

"పరీక్ష ఉందన్నానుగా."

"రెండుసార్లు తప్పావు, మూడోసారి మాత్రం ఏం పొడుస్తావ్? వాళ్ళ ముందు మా అక్క పరువు పోతుంది."

ఒళ్ళు మండిపోయింది. చేతులు తుడుచుకుని, హాల్‌టికెట్ బ్యాగులో పెట్టుకుని చెప్పులేసుకున్నాను. "ఏమిటే ఈ మొండితనం," అని గొణిగారు అత్తగారు. మొండితనమే. అది లేకే కదా ఇన్నాళ్ళూ ఇలా ఉన్నాను.

మా ఆయన గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చారు. "మరి అక్క వచ్చి అడిగితే ఏం చెప్పను?"

"వంట మీరే చేశారని చెప్పండి," అన్నాను. "తమ్ముడు వండి పెట్టడం ఆవిడ ఎరగదు. చాలా సంతోషిస్తుంది."