పిచ్చుక ఆమేన్ అంది

మా అన్నయ్యకు కోపం వస్తే ముందు గొంతు లేస్తుంది, తర్వాత మనిషి లేస్తాడు. బుద్ధి మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా లేస్తుంది. ఆ వారం అది లేచేలోపే నిర్ణయం అయిపోయింది. కూతుర్ని ఊరవతల హాస్టలున్న స్కూల్లో వేసేస్తాడట. సోమవారం ప్రయాణం. పెట్టె కొనేశాడు, తాళం కూడా కొనేశాడు. వదిన ఒక చేత్తో బట్టలు మడతపెడుతూ ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

ఇంతకీ పిల్ల చేసిన నేరం ఏమిటంటే, పలకదు. పిలిస్తే తల తిప్పదు. అడిగినదానికి జవాబు చెప్పదు, చెప్పినా ఒక మాటకు బదులు ఇంకో మాట చెబుతుంది. కొన్ని నెలల కిందటి వరకూ ఆ ఇంట్లో ఇంకొకరికి మాట్లాడే సందు ఇచ్చేది కాదు. పుట్టినప్పటి నుంచీ వాగుడే కాబట్టి మా అమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. అలాంటిది ఒక్కసారిగా మూగనోము పట్టింది.

"పొగరే, పొగరు! నేను అరిచి చావడమే తప్ప దానికి చీమ కుట్టినట్టైనా ఉండదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అన్నాడు అన్నయ్య, నా కుట్టు దుకాణంలో కూర్చుని.

"పదహారేళ్ళ పిల్ల అన్నయ్యా. ఆ వయసులో నువ్వెలా ఏడ్చేవాడివో అమ్మనడుగు" అన్నాను.

"అమ్మకు వినపడితే కదా అడగడానికి."

అదీ నిజమే. మా అమ్మకు రెండు చెవులూ పోయి చాలా కాలమైంది. చివరికి ఎలాగో ఒప్పించాను. "ఆదివారం దాకా నాకు వదిలెయ్. అది నోరు విప్పిందా, పెట్టె అటక మీదికి. విప్పలేదా, నీ ఇష్టం." అన్నయ్య మూలిగాడు గానీ కాదనలేదు. పైకి ధైర్యంగా అనేశాను గానీ, అది నోరు విప్పకపోతే ఏం చెయ్యాలో నాకూ తెలియదు. నాకు పిల్లల్లేరు. ఉన్నది ఆ ఒక్క మేనకోడలు. అది వెళ్ళిపోతే నా దుకాణంలో మిషను చప్పుడు తప్ప ఇంకేం మిగలదు.

నాకు వదిలెయ్యమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా చర్చిలో యవ్వనస్థుల కూడిక నడిపేది నేనే. పిల్లల మనసు నాకేదో బాగా తెలుసని కాదు. అంతకుముందు నడిపే అబ్బాయికి ఉద్యోగం బదిలీ అయింది. "ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అని పాస్టరు గారు అడిగినప్పుడు అందరూ తలలు దించుకున్నారు. నేనొక్కదాన్నే ఎత్తి కూర్చున్నాను. కుట్టి కుట్టి మెడ పట్టేసింది, దించుదామన్నా వంగలేదు. దేవుడి పిలుపు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వస్తుంది, నాకు మెడలో వచ్చింది.

పాస్టరు గారు మంచివారు. ఈమధ్యే టీనేజీ పిల్లలతో ఎలా కలిసిపోవాలో ఏదో శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడ విన్నవన్నీ నాకు అప్పజెప్పారు. బెంచీల వరసలు తీసేసి గుండ్రంగా కూర్చోబెట్టాలట. ముందు ఆట, తర్వాతే వాక్యం. ఏం నేర్చుకున్నారని కాకుండా ఏమంటే ఇష్టమని అడగాలట. కళ్ళలోకి చూసి మాట్లాడాలట. నేను బుధవారం కూడికలో అన్నీ చేశాను. కుర్చీలు గుండ్రంగా వేశాను. బిస్కెట్లు తెచ్చాను. పిచ్చుకకు సరిగ్గా ఎదురుగా కూర్చుని దాని కళ్ళలోకి చూశాను.

"అలా చూడకు అత్తా, జాకెట్టుకు కొలతలు తీస్తున్నట్టుంది" అంది. అందరూ నవ్వారు. పోనీలే, మాట్లాడింది కదా అని మురిసిపోయాను.

తర్వాత ఆట. ఒకరు పక్కవాళ్ళ చెవిలో ఒక మాట చెబితే, అది చెవులు మారుతూ చివరిదాకా వెళ్ళాలి. మేం గిటారు అని పిలుచుకునే కుర్రాడు మొదలుపెట్టాడు. ముసిముసి నవ్వులతో మాట తిరుగుతోంది. పిచ్చుక పక్కన కూర్చున్న అమ్మాయి వంగి గుసగుసగా చెప్పింది. పిచ్చుక కదల్లేదు. ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. పిచ్చుక మొహం ఎర్రబడింది. "ఈ చిన్నపిల్లల ఆటలు నాకొద్దు" అని విసురుగా లేచి వెళ్ళిపోయింది. బిస్కెట్లు మిగిలిపోయాయి. ఆ రోజు నాకు అన్నయ్య మీద జాలి, దాని మీద ఒళ్ళు మంట, రెండూ కలిగాయి.

ప్రేమ వ్యవహారమేమో అనుకున్నాను. అబద్ధమెందుకు, గిటారుని రెండు రోజులు అనుమానంగా చూశాను కూడా. పాపం వాడికి ఏం తెలియక, ప్యాంటు పొట్టిగా ఉందేమోనని కిందికి చూసుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం. మా సంఘంలో ఒక అలవాటుంది. ప్రార్థనకు ముందు ఎవరి మనవులు వాళ్ళు లేచి చెబుతారు. మోకాళ్ళ నొప్పులు, ఉద్యోగాలు, ఇల్లు అమ్ముడుపోకపోవడం, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఏ ఇంట్లో ఏముందో తెలుసుకోవాలంటే ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆ రోజు వెనక బెంచీలోంచి మా అన్నయ్య లేచాడు.

"మా అమ్మాయి మొండితనం పోవాలని, తల్లిదండ్రుల మాటకు లోబడాలని అందరూ భారంతో ప్రార్థన చేయండి" అన్నాడు.

నా ప్రాణం చివుక్కుమంది. కన్నకూతురి గురించి అంతమందిలో అలాగేనా అనేది? పిచ్చుక ముందు, మా అందరి వైపు తిరిగి ఉండే పాటల బృందంతో కూర్చుని ఉంది. కీబోర్డు స్పీకరు దాని కుడి చెవి పక్కనే సన్నగా మోగుతోంది. ఒక పెద్దాయన లేచి ప్రార్థన అందుకున్నాడు. ఈ బిడ్డ మెడ వంచు ప్రభువా, ఈ బిడ్డ గర్వం అణచు ప్రభువా అని బాగా పొడుగ్గానే లాగించాడు. అందరూ ఆమేన్ అన్నారు. అందరూ అనేశాక, గొంతు ఖంగుమనేలా పిచ్చుక అంది.

"ఆమేన్!"

ఎవరో కిసుక్కుమన్నారు. గిటారు భుజాలు ఊగాయి. అన్నయ్య మొహం కందగడ్డ అయింది. బయటికి రాగానే నా మీద పడ్డాడు. "చూశావా, దేవుడి దగ్గర కూడా వెటకారమే! ఆదివారం లేదు, గీదివారం లేదు!"

నా మనసు మాత్రం ఆ ఆమేన్ దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే కోపంతో ఆ ప్రార్థనకు నేను కళ్ళు మూసుకోలేదు, పిల్లనే చూస్తూ ఉన్నాను. అదీ కళ్ళు మూసుకోలేదు. అందరి నోళ్ళ వంక చూస్తోంది. నోళ్ళన్నీ ఒక్కసారి కదిలాక గబుక్కున తనూ అంది. దాని మొహంలో వెటకారం వీసమెత్తు లేదు. కదిలిపోయే బస్సును అందుకున్నవాళ్ళ కంగారు ఉంది.

పాస్టరు గారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "అమ్మా, ఆ శిక్షణలో ఇంకోటి కూడా చెప్పారు. మీకు చెప్పడం మర్చిపోయాను."

"ఏంటయ్యగారూ?"

"కొందరు పిల్లలు ఎదురుగా కూర్చుంటే మాట్లాడరట. చేతికి ఏదైనా పనిచ్చి పక్కన కూర్చోమన్నారు."

"ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ! బోలెడు బిస్కెట్లు దండగ" అన్నాను. ఆయన నవ్వేశారు.

శనివారం పొద్దున్నే వదినకు చెప్పి పిల్లను దుకాణానికి తెచ్చేసుకున్నాను. పాటల బృందానికి కొత్త అంగీలు కుడుతున్నాను, వాటి దారప్పోగులు కత్తిరించే పని దానికిచ్చాను. నా మిషను గోడ వైపు తిరిగి ఉంటుంది. నా కుడిపక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఇద్దరం గోడనే చూస్తూ పని మొదలుపెట్టాం. నేను ఏదేదో మాట్లాడుతున్నాను. అది ఉలకదు, పలకదు. కత్తెర మాత్రం టక్ టక్ మంటోంది.

నీలం దారం అయిపోయింది. అలమారు దానికి అటుపక్క ఉంది. లేచి వెళ్ళి, సొరుగు వెతుకుతూ, "ఈ నీలం సరిపోతుందా, ఇంకొంచెం ముదురు కావాలా?" అని నాలో నేను గొణుక్కున్నాను.

"ముదురుది అత్తా" అంది వెంటనే.

వచ్చి మిషను ముందు కూర్చుని ఇంకేదో అడిగాను. జవాబు లేదు. మిషను ఆపేసి మళ్ళీ అడిగాను. లేదు. ఇటు కూర్చుంటే లేదు, అటు నిలబడితే ఉంది! కూర్చున్న చోటి నుంచే మెల్లగా అన్నాను.

"పిచ్చుకా, నీకు కొత్త ఫోను కొనిపెడతానే."

టక్ టక్. కత్తెర ఆగలేదు. ఆ వయసు పిల్ల కొత్త ఫోను మాటకు కదల్లేదంటే అది పొగరు ఎలా అవుతుంది చెప్పండి! లేచి అటువైపు వెళ్ళి, గుడ్డల మూట మీద కూలబడి, అదే గొంతుతో అదే మాట అన్నాను.

కత్తెర ఆగింది. "నిజంగానా? ఒట్టు?"

"ఎడమ చెవి వినపడ్డం లేదు కదూ?" అన్నాను.

కత్తెర ఒళ్ళో పడింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఎవరికీ చెప్పకు అత్తా, నీకు దండం పెడతాను."

దగ్గరికి లాక్కున్నాను. వెక్కుతూ, ముక్కు చీదుతూ, అంతా చెప్పింది. మొదట చెవిలో నీళ్ళు పోయినట్టుండేదట, తర్వాత మెల్లమెల్లగా మూసుకుపోయిందట. "నానమ్మకు కూడా ఒక చెవితోనే మొదలైందని నువ్వే చెప్పావు కదా. తర్వాత రెండోది. నానమ్మతో మాట్లాడితే గొంతు నొప్పి పుడుతోందని నాన్న రోజూ విసుక్కుంటాడు. నేనూ అలా అయిపోతే?"

"ఓసి పిచ్చిమొహమా, మాతో ఒక్క మాట అంటే ఏమయ్యేది?"

"పొగరు అనుకుంటే తిట్టి ఊరుకుంటారు. చెవుడు అని తెలిస్తే జాలిపడతారు. పాటల్లోంచి తీసేస్తారు. తిట్లే నయం అనిపించింది."

ఇంత చిన్న బుర్రలో ఇంత పెద్ద లెక్క వేసుకుని ఒక్కతే మోసుకు తిరిగింది. పైకి ఏం కాదులే అన్నాను గానీ, మా అమ్మ పోలికే వచ్చిందేమోనని నాకూ అనుమానం వచ్చింది. దుకాణం షట్టరు సగానికి లాగి, దాని చెయ్యి పట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి బస్సెక్కాను. ఈసారి దాని కుడిపక్క కూర్చున్నాను. అమ్మో, దారి పొడుగునా ఏం వాగింది! టీచరు, స్నేహితురాలు, గిటారు శ్రుతి తప్పడం, అన్నీ చెప్పింది. ఇన్ని నెలల మాటలూ ఆ చెవి పక్కనే పోగుపడి ఉన్నాయి, ఎవరూ అటు వచ్చి కూర్చోలేదు అంతే.

ఆ రోజు నేర్చుకున్న పాఠంతోనే, ఇప్పుడు మా కూడిక దుకాణంలోనే జరుగుతోంది. బొత్తాలు కుడుతూ, పోగులు కత్తిరిస్తూ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు. నేను మాత్రం ఒక్క చోట కూర్చోను, అటూ ఇటూ మారుతుంటాను. ఆడపిల్లలకంటే మగపిల్లలే బొత్తాలు బాగా కుడతారని నాకు ఇలాగే తెలిసింది.

ఇక ఆ శనివారం సంగతికొస్తే, చెవుల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. లైటు పెట్టి చెవిలోకి చూసి, "అయ్యబాబోయ్!" అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమ్మా, రోజూ దూదిపుల్లతో తవ్వుతున్నావా?"

పిచ్చుక తల ఊపింది. "మూసుకుపోయినట్టుంటే ఇంకాస్త లోపలికి..."

"గుబిలి మొత్తం లోపలికి తోసి దట్టించేశావు. పైగా దూది ఊడి అక్కడే ఉండిపోయింది."

చుక్కలు వేసి కాసేపు కూర్చోబెట్టింది. ఆలోపు నేను మా అమ్మ చెవుల సంగతి చెప్పాను. గోరువెచ్చటి నీళ్ళు కొట్టింది, సన్నటి కొక్కెంలాంటిదేదో పెట్టి లాగింది. స్టీలు పళ్ళెంలో నల్లటి ముద్ద టప్పున పడింది, దాని తోక లాగా దూది. మళ్ళీ లైటు వేసి చూసి, "కర్ణభేరి శుభ్రంగా ఉంది. మీ నానమ్మ జబ్బుకూ దీనికీ సంబంధమే లేదు" అంది.

"గుబిలా!" అని నేను అరిచాను. "సంఘమంతా కలిసి గుబిలి కోసమా ప్రార్థన చేసింది!"

పిచ్చుక ఎడమ చెవి మూసుకుంది. "అబ్బా, ఎందుకత్తా అంత గట్టిగా? వినపడుతోందిగా!"

అక్కడే కుర్చీలో కూలబడి ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. డాక్టరమ్మ నాకే మంచినీళ్ళు ఇప్పించింది.

తిరిగి వస్తుంటే అడిగింది, "నిన్న నేను ఆమేన్ అంటే అందరూ ఎందుకు నవ్వారు?" దాచడం ఎందుకని ఉన్నదున్నట్టు చెప్పేశాను. నడిరోడ్డు మీద ఆగిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగిపోయాక నెమ్మదిగా అంది, "నాన్న నిజంగానే అందరి ముందూ అలా అన్నాడా?"

"అన్నాడమ్మా."

నా చెయ్యి వదిలేసి ముందుకు నడిచింది.

అన్నయ్య ముందు గదిలో పెట్టెకు తాళం వేస్తున్నాడు. పిల్ల లోపలికి వెళ్ళి నానమ్మ మంచం మీద కూర్చుంది. నేను అన్నయ్యను కడిగిపారేశాను. చెవి సంగతి చెప్పాను, ఆమేన్ సంగతి చెప్పాను. "తిట్లే నయం అనుకుంది నీ కూతురు, నీ విసుగు కంటే" అన్నాను. ఆ మాటకు పెట్టె మీదే కూలబడ్డాడు. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళాడు. తెలిసి కూర్చున్నాడో తెలియక కూర్చున్నాడో, కూతురి ఎడమపక్క కూర్చున్నాడు.

"అందరి ముందూ అలా అనకూడదమ్మా. తప్పు నాది" అన్నాడు. అన్నయ్య అంత నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "సోమవారం ఎక్కడికీ వెళ్ళొద్దు. మా దగ్గరే ఉండు."

అది తల తిప్పలేదు. నానమ్మ చెయ్యి నిమురుతూ, "ఏంటి నాన్నా?" అంది.

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మంలో ఉన్న నా వైపు చూశాడు. "ఏమే, బాగైపోయిందన్నావు?"

అప్పుడు తిరిగింది పిచ్చుక. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"వినపడింది నాన్నా. ఇంకోసారి అను."