పళ్ళు బిగించని నవ్వు

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ హిమజ పళ్ళు బిగించింది. పోపులడబ్బాకు ఆనించిన అద్దంలో ఎడమ చెంప మెల్లగా పైకి లేచింది. పది దాకా లెక్కపెట్టి వదిలింది.

"ఏందే, నన్ను జూసి నవ్వుతున్నవా?" అంది అత్త అనసూయమ్మ.

నవ్వు కాదు, కసరత్తు అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఎనిమిదేళ్ళ కింద చెవి దగ్గర గడ్డ తీసినప్పుడు దానితోపాటు నరం కూడా పోయి, ముఖం ఎడమవైపు చచ్చుబడింది. నిరుడు డాక్టర్లు తొడలోంచి చిన్న కండ తీసి చెంపలో పెట్టి, నమిలే నరంతో కలిపారు. బోయిన్‌పల్లి మార్కెట్ సంచులతో నాలుగంతస్తులు ఎక్కిన కండ అది. ఇప్పుడు చెంపలో చేరి, నిద్రలో నడిచినట్టు కదులుతోంది. పళ్ళు బిగిస్తేనే కదులుతుంది. అందుకే అన్నం నమిలినా నవ్వే, కోపమొచ్చి పళ్ళు కొరికినా నవ్వే.

భర్త రాఘవేందర్‌కు ఈ ఏర్పాటు మహా బాగా నచ్చింది. "ఈ నడుమ ఏమన్నా నవ్వుకుంటనే ఉంటున్నవ్," అని మెచ్చుకున్నాడు కూడా. నచ్చదూ మరి! ఎనిమిదేళ్ళుగా ప్రతి ఫంక్షన్‌లో "ఫొటో నువ్వు తియ్యి" అని ఆమె చేతిలో ఫోను పెట్టిన మనిషాయె.

గురువారం థెరపిస్ట్ యోగిత కొత్త పాఠం మొదలుపెట్టింది. "ఇగ పళ్ళు బిగించొద్దు మేడం. మీకు మంచిగ అనిపించేది ఏదన్నా తలుచుకోండ్రి. నవ్వు దానంతట అదే రావాలె."

హిమజ కళ్ళు మూసుకుంది. పెళ్ళిరోజు తలుచుకుంది, చెంప కదల్లేదు. గృహప్రవేశం తలుచుకుంది, ఆ రోజు అరవైమందికి వడ్డించి వాచిన కాళ్ళు గుర్తొచ్చాయి. నలభై రెండేళ్ళలో నవ్వొచ్చే తలపు ఒక్కటీ లేదా అని భయమేసింది. అప్పుడు ఎప్పటిదో ఒక మధ్యాహ్నం తేలుతూ వచ్చింది. "నువ్వొస్తె నీ మొఖం గురించి అందరికి జవాబు చెప్పాలె" అని ఆమెను వదిలేసి ఇంటిల్లిపాదీ వరంగల్ పెళ్ళికి వెళ్ళిన రోజు. నిజానికి ఏడవాల్సింది. కానీ పద్మారావు నగర్ ఫ్లాటులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వేడి అన్నం తొలిముద్ద తనే తిని, కిటికీ పక్కన చాప మీద వాలింది. కర్టెన్ ఉబ్బి వచ్చి పాదాలు తాకి వెనక్కి పోయేది. సాయంత్రం దాకా ఎవరూ పిలవలేదు. ఎవరూ పిలవనే లేదు.

"వచ్చింది మేడం!" అని యోగిత చప్పట్లు కొట్టింది.

ఆదివారం రాఘవేందర్ తమ్ముణ్ణీ మరదలినీ భోజనానికి పిలిచాడు. తిన్నాక, "ఇగ పళ్ళు బిగించకుండనే నవ్వుతదట. హిమా, జెర నవ్వి చూపియ్యి," అన్నాడు.

నలుగురూ ఆమె ముఖంలోకి చూశారు. అలవాటుగా దవడ బిగుసుకోబోయింది. ఆపుకుంది. చెంప బరువుగా ఉండిపోయింది.

"మంచిగ అనిపించేది తలుచుకోమన్నరు గద! తలుచుకో."

తలుచుకుంది. ఎండా, చాపా, ఫ్యాను గాలీ మెల్లగా ఆమె చుట్టూ చేరాయి. నవ్వు తనంతట తానే చెంప మీదికి పాకింది. మరదలు "అబ్బ!" అంది. రాఘవేందర్ మురిసిపోయాడు.

"ఏం తలుచుకున్నవ్? నన్నేనా?"

హిమజ నవ్వు చెదరలేదు.

"మీరెవ్వరు ఇంట్ల లేరని అనుకున్న."