ఎదుటి పక్కన పేరు

సుధారాణి కోర్టు మెట్లెక్కింది గానీ లాయరు గడప తొక్కలేదు. అదీ అత్త మాట మీద గౌరవంతోనే.

అత్త పద్మావతమ్మది జమ్మలమడుగు అవతల పెన్న ఒడ్డున ఉన్న పల్లె. ఒకప్పుడు ఆమె భర్త మీద సొంత తమ్ముడే పొలం గట్టు కోసం కేసు వేశాడు. నోటీసు వచ్చిన రోజు ఆ పెద్దమనిషి అన్నం ముందు నుంచి లేచిపోయాడట. తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి తిరిగి, ఒక పొద్దున బస్టాండులోనే కూలబడి ప్రాణం విడిచాడు. మనిషి పోయాడు గానీ కేసు పోలేదు. "నల్లకోటు నీడ ఇంగ నా ఇంటిమీద పడగూడదు" అని పద్మావతమ్మ గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. సుధారాణి కోడలుగా వచ్చిన కొత్తలో ఆమె చేత కూడా ఆ మాటకు ఊఁ కొట్టించుకుంది.

పద్మావతమ్మ కొడుకు, సుధారాణి భర్త శివకు ప్రొద్దుటూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉండేది. పోయిన వైశాఖంలో ఒక రైతు తోటలో మోటారు చూస్తూ కరెంటు తగిలి పోయాడు. పిల్లలు లేరు. సుధారాణికి తల్లి లేదు. పులివెందులలో అన్న అవినాష్ ఉన్నాడు గానీ, అతని ఇంట్లో శివ పేరు వస్తే చాలు, ఈమె ఎక్కడ ఏడుస్తుందోనని అందరూ మాట మార్చేస్తారు.

పద్మావతమ్మ అట్లా మార్చేది కాదు. ప్రతి శనివారం సుధారాణి కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, బస్సెక్కి పల్లెకు పోయేది. అత్తాకోడళ్లు తిరగలి పక్కన నేల మీద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వాడి గురించే మాట్లాడుకునేవాళ్లు.

"సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోస్తేగానీ చెయ్యి పెట్టేవాడు కాదు మే, మొండినాయాలు" అని ముసలామె నవ్వేది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ కాసేపూ శివ పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నట్టే ఉండేది సుధారాణికి. వారమంతా ఆ కాసేపటి కోసమే బతికేది.

శివ బ్యాంకులో డిపాజిట్ వేశాడు గానీ నామినీ పేరు రాయలేదు. కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అవినాష్ ఫోన్ చేసి, పులివెందులలో తెలిసిన లాయరు ఉన్నాడన్నాడు.

"వద్దులే అన్నా. మా అత్తకిచ్చిన మాటుండాది. ఎవురి కేసు వాళ్లే చెప్పుకోవచ్చంట, నేనే పోతా."

"నువ్వా? జాకెట్టు కొలత తప్పిందని ఎవురన్నా గట్టిగా అడిగితేనే నీకు నోరు లేయదు. జడ్జి ముందర లేస్తాదా?"

"లేయకుంటే కాగితం చూపిస్తా" అంది సుధారాణి.

అత్తకు ముందే చెప్పాలనుకుంది. కానీ ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఏడాది తిరిగి సంవత్సరీకం పెట్టేదాకా పోయినవాడి సొత్తు మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆత్మ ఆ సొత్తు చుట్టూనే తిరుగుతుందంటారు. నిజంగా తిరుగుతుందో లేదో ఆ పైవాడికే తెలియాలి. తల్లి కడుపు తరుక్కుపోతుందని మాత్రం సుధారాణికి తెలుసు. కోర్టు పని నెలలు పడుతుందన్నారు కాబట్టి ఇప్పుడే అర్జీ పెడితే సంవత్సరీకం నాటికి తెములుతుంది, ఆ రోజు అత్త వాటా అత్త ఒడిలో పెట్టి అంతా చెప్పుకోవచ్చు అనుకుంది.

ప్రొద్దుటూరు కోర్టు బయట రేకుల కింద అర్జీలు టైపు చేసే ఫకీర్ సాహెబ్ దగ్గర కూర్చుంది. ఆయన పాత అర్జీ ఒకటి ముందు పెట్టుకుని, దాన్ని చూసి కొడుతూ ఒకచోట ఆగాడు.

"ఎదుటి పక్కన ఎవరమ్మా?"

"ఎదుటి పక్కన ఎవురూ లేరు సాయెబూ. ఉండేది వాళ్లమ్మా నేనూ అంతే."

"ఎవురో ఒకరు ఉండాల గదమ్మా. ఒక్క చేత్తో చప్పట్లు మోగుతాయా? మీ అత్త పేరు ఆ పక్కన ఏస్తాండా. అందరూ ఏసేదే."

"ఆమెకేమన్నా ఇబ్బంది అయితాదా?"

"ఇబ్బందేముంది? వచ్చి నాకేం అభ్యంతరం ల్యాదంటే అయిపాయ."

కాగితం చేతికొచ్చాక 'ప్రతివాది' అన్న మాట పక్కన పద్మావతమ్మ పేరు చూసి సుధారాణికి ఎందుకో చెయ్యి ఆడలేదు. అందరూ వేసేదే అన్నాడు కదా అని సంతకం పెట్టింది.

ఫాల్గుణంలో ఒక శనివారం పల్లెకు పోయేసరికి ఇంటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పక్కింటి సుమ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏంది సుధక్కా ఇట్ల జేసినావు? మొన్న కోర్టు అమీనా వచ్చినాడు. పద్మావతమ్మ ఎవురు, నీ మీద నీ కోడలు కోర్టులో ఏసింది, ఈడ వేలిముద్ర పెట్టు అన్యాడు. నడివీధిలో. పెట్టింది. మళ్ల లోపలికి పోయి ఉడికే సంగటి దించి పొయ్యార్పేసింది. 'ఆయన మీద తమ్ముడు ఏసినాడు, నా మీద కోడలు ఏసింది' అనింది. అంతే, ఇంగ మాట ల్యా."

సుధారాణి తలుపు మీద రెండు చేతులూ వేసి కొట్టింది. "అత్తా! నీ మీద ఏసింది కాదు అత్తా! బ్యాంకులో సొమ్ముకోసరం రాసినారంతే. అందులో సగం నీదే. నీ వాటా నీకే ఇస్తా అత్తా, తలుపు తియ్!"

వీధంతా విన్నది. ఎత్తకూడని మాట ఆ గడప మీదే ఎత్తేసింది.

లోపలి నుంచి పద్మావతమ్మ గొంతు నెమ్మదిగా వచ్చింది. "వాడు పోయి ఇంగా ఏడాది తిరగల్యా. అప్పుడే వాకిట్లో పంచుతాండావా?"

తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ తర్వాత శనివారాలు కూడా తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది.

చైత్రంలో కోర్టు వాయిదా వచ్చింది. కోర్టు బంట్రోతు వాకిట్లో నిలబడి పద్మావతమ్మ పేరు మూడుసార్లు పిలిచాడు. ఆమె ఒక్కతే బస్సులో వచ్చింది. భర్త వాయిదాలకు పట్టుకుపోయిన గుడ్డసంచే చంకలో ఉంది. సుధారాణి వైపు చూడకుండా పోయి నిలబడింది.

జడ్జి ఒక నడివయసు ఆమె. మెత్తగానే అడిగింది. "సర్టిఫికెట్ మీ కోడలికి ఇవ్వడానికి మీకు అభ్యంతరం ఉందా?"

"ల్యాదు తల్లీ. అంతా ఆయమ్మకే ఇచ్చేయండి."

"మీకూ సమానంగా హక్కుందమ్మా. ఆలోచించుకోండి."

"నా హక్కు పోయిన వైశాఖంలోనే కాలిపోయింది. ఇంగేం వొద్దు."

"సగం ఆమె పేరునే రాయండి మేడమ్" అంది సుధారాణి. నోరు లేవదన్నాడు అన్న. లేచింది.

"వద్దన్నవాళ్లను తీసుకోమని కోర్టు బలవంతపెట్టదమ్మా." జడ్జి కాగితాలు తిరగేసి తలెత్తింది. "మీ ఇద్దరికీ తగాదా లేనప్పుడు ఇద్దరూ కలిసే అర్జీ పెట్టుకోవచ్చు కదా? ఆమెను ప్రతివాదిగా ఎందుకు చేర్చారు?"

సుధారాణి చేతిలోని అర్జీ నకలు వైపు చూసుకుంది. "అట్ల పెట్టొచ్చని తెలీదు మేడమ్."

"లాయర్ని పెట్టుకోలేదా?"

"మా అత్తకు గిట్టదని పెట్టుకోలేదు."

అప్పుడు తిరిగి చూసింది పద్మావతమ్మ. చాలాసేపు చూసింది. ఏదో అనబోయినట్టే పెదవి కదిలింది. ఇంతలో బంట్రోతు ఇంకొకరి పేరు పిలిచాడు. ఆమె సంచి సర్దుకుని మెట్లు దిగిపోయింది. సుధారాణి సంతకాలు చేసి బయటికి పరుగెత్తేసరికి జమ్మలమడుగు బస్సు వెళ్లిపోయింది.

దేవుని ఎదుట నిజమే చెబుతానని బోనులో ప్రమాణం చేయిస్తారు. చెప్పవలసిన చోట చెప్పని నిజానికి ఏ బోనూ లేదేమో అనుకుంది ఆమె, ఖాళీ రోడ్డు మీద నిలబడి.

వైశాఖంలో సంవత్సరీకానికి రమ్మని సుమ చేత కబురొచ్చింది. సుధారాణి తెల్లవారుజామునే బయలుదేరింది. తలుపు తెరిచే ఉంది. పద్మావతమ్మ ఆమెను చూసి లోపలికి పోయి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, కొంగుతో తుడిచి వసారాలో వేసింది. ఆ ఇంట్లో కోడలికి కుర్చీ వేయడం అదే మొదలు.

"కింద కూసుంటాలే అత్తా."

"పైనే కూసోమ్మా. అంత దూరం నుంచి వచ్చినావు."

పురోహితుడు వచ్చాడు, పిండాలు పెట్టించాడు. భోజనాల్లో సుధారాణికి ఊరివాళ్లతో పాటు వరసలో విస్తరి వేసి, ఏమీ తక్కువ కాకుండా వడ్డించింది అత్త. అందరూ వెళ్లిపోయాక సుధారాణి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"నన్ను తిట్టు అత్తా. కొట్టన్నా కొట్టు."

"తిట్టేదానికేముంది? తెలీక చేసినావు. జడ్జమ్మ మాటతో నాకూ అర్థమాయ." ముసలామె చేట దగ్గరికి లాక్కుంది. "మనసుకే ఇంగా అర్థం కాల్యా పాపా. దానికెవురు చెప్తారో."

సుధారాణి పోయి తిరగలి పక్కన, తన పాత చోట కూర్చుంది. పద్మావతమ్మ వద్దనలేదు. చేట నిండా కాయలు పోసుకుని తాను మాత్రం గడప దగ్గర కూర్చుంది. ఒలుస్తూ ఎండ గురించి, నీళ్ల గురించి రెండు మాటలు అంది. సంగటి ముద్ద మాట వస్తుందేమో, నవ్వుతుందేమో, కొంగు నోట్లో పెట్టుకుంటుందేమో అని సుధారాణి చూస్తూనే ఉంది. సాయంత్రం బస్సు హారన్ వినిపించింది.

ఆ రోజు ఆ ఇంట్లో శివ పేరు పురోహితుడి నోట తప్ప ఎవరి నోటా రాలేదు.