మట్టి ఊళ్లో నీళ్లు

ఆరేళ్లుగా ఒకే ఊళ్లో, ఒకే గదిలో నాలుగు తరగతులకు చెప్పి చెప్పి బాలమల్లు పంతులుకు విసుక్కునే ఓపిక కూడా పోయింది. భార్య సత్తమ్మ సొంతూరు బోథ్‌లో పక్షవాతంతో మంచం పట్టి ఉంది. శనివారం బడి వదలగానే ఎనిమిది కోసులు సైకిల్ తొక్కాలి, సోమవారం తెల్లారేసరికి తిరిగి రావాలి. మిగతా రోజులు ఆమెకు ఇన్ని మంచినీళ్లు అందించేది పక్కింటివాళ్లు. బదిలీ కోసం ఉర్దూలో పెట్టుకున్న మొదటి అర్జీ, తెలుగులో పెట్టుకున్న రెండోది ఎక్కడికి పోయాయో దేవుడికే తెలియాలి. మూడోదాని మీద, బడి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ ఒక మంచిమాట రాస్తే పని అయినట్టే.

నల్లబల్ల మీద వాగు గీస్తే పిల్లలకు ఎక్కడం లేదని, బడి ముందు మట్టితో ఊరు చేయించాడు. గుట్ట, వాగు, చేలు. ఎవరిల్లు వాళ్లే చేయాలన్నాడు. నాలుగో తరగతి యాదవ్వ దిగువ వాడలో తమ గుడిసె చేసి, జొన్నదంటుతో వాసాలు కూడా వేసింది. దొర రామకిషన్‌రావు తన పత్తిచేను మునగకుండా ఆ వేసవిలో వాగు పక్కన వేయించిన కట్టను కూడా పిల్లలే పెట్టారు. అసలు కట్ట మీద ఇంకా ఒక్క వానా పడలేదు. గుట్ట మీద చెంబుతో నీళ్లు పోశారు. నీళ్లు కట్టకు తగిలి, మళ్లి, తిన్నగా దిగువ వాడ మీద పడ్డాయి. ముందు నవ్వారు. యాదవ్వ గుడిసె కరిగిపోయాక ఎవరూ నవ్వలేదు.

మాట ఊరంతా పాకింది. తనిఖీకి ముందురోజు దొర బడికి వచ్చాడు.

“పంతులూ, పోరగాండ్లకు సదువు చెప్పుమంటే నా కట్ట మీద చాడీలు చెప్తున్నవా? రేపు ఇన్‌స్పెక్టర్ సాబ్ మా ఇంట్లనే తింటడు. నీ అర్జీ ముచ్చట నేను చెప్త. నీళ్లు మాత్రం వాగులకే పోవాలె. సమజైందా?”

“అయింది దొరా.”

కాకేం? పిల్లలు వెళ్లాక రెండు తట్టల మట్టి తెచ్చి దిగువ వాడను ఎత్తు చేశాడు. జీవితంలో చేసిన తప్పులన్నీ బద్ధకంతో చేసినవే, ఇదొక్కటే ఒళ్లు వంచి చేసింది. యాదవ్వ గుడిసెను మళ్లీ కట్టి ఆ ఎత్తు మీద పెడుతుంటే సిగ్గేసింది. సత్తమ్మను తలుచుకుని చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ యాదవ్వనే పిలిచి చెంబు ఇచ్చాడు. నీళ్లు కట్టకు తగిలి బుద్ధిగా వాగులోకి పోయాయి.

“శభాష్! ఇట్లాంటి మాస్టర్లు కావాలె,” అంటూ ఆయన కుర్చీలో కూర్చుని తనిఖీ పుస్తకం తెరిచాడు. పక్కన కూర్చున్న దొర బదిలీ మాట చెవిన వేశాడు. బోథ్ అనే పేరు అర్జీ మీద పడటం బాలమల్లు కళ్లారా చూశాడు.

యాదవ్వ అతని దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

“సారూ, అయితే మా వాడ మునగదా?”

బాలమల్లు ఆమె చేతిలోని చెంబు అందుకున్నాడు.

“మొన్న నేను చెప్పినంక బాపు పరేషాన్ అయిండు. గుడిసె ఇప్పి మిట్ట మీద ఏస్తనని పొద్దుగాల్నుంచి వాసాలు దించుతుండు. అవ్వ వద్దని కొట్లాడుతుంది. జర పోయి ఫికర్ లేదని చెప్పొస్త సారూ.”

జవాబు కోసం ఆగలేదు. పంతులే చేసి చూపించాక ఇంకా జవాబెందుకు? వాకిలి దాటి పరుగెత్తింది.

బాలమల్లు ఇన్‌స్పెక్టర్ చేతి వంక చూశాడు. రాయడం అయింది, సంతకమే మిగిలింది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, పిల్లకు తర్వాత చెప్పుకోవచ్చు. కానీ తర్వాత, తర్వాత అంటూ ఆరేళ్లు గడిపిన మనిషి తనేనని అతనికి తెలుసు.

“యాదవ్వా!” గొంతు చీరుకుపోయేలా అరిచాడు. “చెప్పకు బిడ్డా! మీ వాడ మునుగుతది. ఆ మట్టి నేనే పోసిన. బాపును వాసాలు దించుమను!”

పిల్ల ఆగింది. దొర లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ మట్టి ఊరి వంక ఒకసారి, బాలమల్లు వంక ఒకసారి చూసి, సంతకం పెట్టకుండానే కలానికి మూత పెట్టాడు.