పదును తీసిన చెయ్యి

జియాముసి పట్టణంలో తోంగ్ బావోతియెన్ నూరిన కత్తి పట్టుకుని వేలు తెగనివాళ్లు తక్కువ. ఆ సంగతి ఆయన దాచుకునేవాడు కాదు, పైగా గొప్పగా చెప్పుకునేవాడు. పొడవాటి బల్ల భుజాన వేసుకుని "కత్తెరలు నూరతాం, కూరకత్తులు నూరతాం" అని సందులోకి వచ్చాడంటే పిల్లలు వెనకపడి ఆ కేక అందుకునేవారు. భార్య పోయాక ఆయనకు లోకంలో మిగిలిన గర్వాలు రెండే. ఒకటి ఆ సానరాయి, రెండోది కూతురు షువెన్.

షువెన్‌కి పదిహేడేళ్లు. సోంగ్హువా నది గడ్డకట్టిందంటే ఆ పిల్ల ఇంటిపట్టున ఉండేది కాదు. క్రీడల బడివాళ్లు అరువిచ్చిన స్కేటు బూట్లను తలగడ పక్కన పెట్టుకుని పడుకునేది. ఆ ఏడు రాష్ట్ర జట్టులోకి ఊరి నుంచి ఒక్క అమ్మాయినే తీసుకుంటామన్నారు. గెలిస్తే హార్బిన్‌లో శిక్షణ, పరుగే బతుకు. ఓడితే మంచు కరగ్గానే అవిసెనార మిల్లులో పని. మిల్లు పని చెడ్డదని కాదు గానీ, ఆ మాటెత్తితే పిల్ల ముఖం చిన్నబోయేది. అది చూడలేక తండ్రికి అన్నం సయించేది కాదు.

పోటీ రోజు తెల్లవారుజామున ఆయన ఆ బూట్లు చేతిలోకి తీసుకుని బ్లేడు అడుగున బొటనవేలు పెట్టి చూశాడు. బల్ల అంచులా చదునుగా ఉంది. దీంతో ముల్లంగి కూడా తెగదే, పిల్ల చేతికి మొద్దు సరుకు అంటగట్టారే అని ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈ బూట్లు ఇంట్లోనే ఉన్నా ఒక్కసారి చూడలేదే అని తనను తానే తిట్టుకున్నాడు. షువెన్ లేచేలోపు రెండు బ్లేడ్లనూ అటూ ఇటూ చెక్కి, వెంట్రుక వేస్తే రెండయ్యేలా నూరి, ఎప్పటి గుడ్డలోనే చుట్టిపెట్టాడు. పిల్ల కొర్రజావ తాగి, మూట విప్పకుండానే చంకన పెట్టుకుని పరుగెత్తింది. చెప్పకూడదనుకున్నాడు. నది మీద తనే తెలుసుకుని మురిసిపోతుందనుకున్నాడు.

ఊరంతా గట్టు మీదే ఉంది. ఆయన బల్ల భుజాన పెట్టుకునే వచ్చి ముందు నిలబడ్డాడు. ఇద్దరిద్దరు చొప్పున పరుగెత్తాలి, ఆఖరి జతలో షువెన్ పేరుంది. ఒళ్లు వేడెక్కించుకుందామని బూట్లు కట్టుకుని మంచు మీద కాలు పెట్టిందో లేదో, బ్లేడు దిగబడిపోయి ముందుకు పడింది. లేచింది, మళ్లీ పడింది. శిక్షకుడు లువాన్ మాస్టారు పరుగున వచ్చి ఆమె పాదం ఎత్తి చూశాడు. షువెన్ కూడా చూసింది. అలాంటి పదును పెట్టగల చెయ్యి ఊళ్లో ఒక్కటే.

"నాన్నా, నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంటే? పొద్దున్నుంచీ చెమటోడ్చి నూరాను. ఎలా ఉంది?"

"పెద్దాయనా," అన్నాడు మాస్టారు, పళ్లు బిగించి, "ఇది పంది కాలు కొట్టే కత్తి కాదు. అడుగు చదునుగా ఉంటేనే జారుతుంది. అటో అంచు, ఇటో అంచు ఉంటేనే కాలు తోస్తుంది. నువ్వు గొడ్డలి చేసిపెట్టావు."

బావోతియెన్ వంగి బ్లేడు అంచును మళ్లీ చూశాడు. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది. మాస్టారి దగ్గర ఆ పిల్ల కాలికి సరిపోయే బూట్లు ఇంకో జత లేవు.

"నీళ్లు పోశాక కుండ వెతుక్కున్నట్టు, ఇప్పుడు అనుకుని ఏం లాభం," అని మాస్టారు తల పట్టుకున్నాడు.

షువెన్ ఏడవలేదు. బూట్లు విప్పి తండ్రి చేతిలో పెట్టింది.

"తీసెయ్యగలవా?"

"ఏం తియ్యాలి తల్లీ?"

"నువ్వు పెట్టిన పదును."

బతుకంతా మొద్దును వాడిగా చేసినవాడు, వాడిగా ఉన్నదాన్ని మొద్దుగా చెయ్యమని అడిగినవాళ్లను ఎరగడు. ఆయన మంచు మీదే బల్ల వేశాడు. తన కుక్కబొచ్చు టోపీ తీసి కూతురి రెండు పాదాలనూ అందులో పెట్టించాడు. మాస్టారు బూట్లను తలకిందులుగా, పక్కపక్కనే కదలకుండా పట్టుకున్నాడు. రెండు బ్లేడ్ల మీదా ఒకేసారి అడ్డంగా రాయి నడవాలన్నాడు. రాయి మీద నీళ్లు చల్లితే చల్లినట్టే గడ్డకట్టాయి. బావోతియెన్ ఒక్క క్షణం ఆగి, నడుముకున్న సీసా తీసి, చలికి గడ్డకట్టని జొన్నసారా రాయి మీద పోశాడు.

గట్టు మీంచి కసాయి హావో నవ్వాడు. "ఏం బావా, రాయికి తాగిస్తున్నావు? మరి నీకేం మిగులుద్ది?"

"సిగ్గు మిగులుద్ది. అది చాల్లే."

రాయి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతోంది. చెవులు మొద్దుబారాయి. పొద్దున తాను మురిసిపోయిన అంచు ఇప్పుడు పొడిపొడిగా రాలిపోతోంది. కూతురు ఏమీ అనకపోవడం ఆయనకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. ఒక్కో జత పరుగెత్తి వెళ్తోంది. ఆఖరికి ఆమె నెమ్మదిగా అంది: "తొందరపడకు నాన్నా. నాది ఆఖరి జతేగా."

ఆ మాటతో చెయ్యి కుదుటపడింది.

పేరు పిలిచేసరికి ఎడమ మడమ దగ్గర ఇంకా రవ్వంత వాలు మిగిలింది. టైము లేదు. షువెన్ అలాగే కట్టుకుని పోయింది. బావోతియెన్ చూడలేక పోటీకి వీపు తిప్పి నిలబడ్డాడు. కానీ ఇనుము చప్పుడు వినకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. రెండు జతల బూట్ల చప్పుళ్లలో కూతురిది ఇట్టే తెలిసింది. ఎడమ కాలు పడ్డప్పుడల్లా చివర చిన్న గీరు. మలుపులో ఆ గీరు ఆగిపోయింది. పడిపోయిందనుకున్నాడు. అంతలో మళ్లీ వినబడింది, ఈసారి ముందుగా, ఒంటరిగా. రెండో చప్పుడు చాలా వెనక ఉంది.

గట్టు మీద అరుపులు మొదలయ్యాకే ఆయన వెనక్కి తిరిగాడు. అప్పటికి ఆయన గడ్డం మీద కన్నీళ్లు గడ్డకట్టాయి.

అందరికన్నా తక్కువ టైము షువెన్‌దే. మాస్టారు ఊపిరి పీల్చుకుని, "జట్టులో బ్లేడ్లు నూరడానికి వేరే మనిషి ఉంటాడు పెద్దాయనా," అన్నాడు.

"మంచిది. నా చెయ్యి పడకపోవడమే మేలు."

"అదేం కుదరదు," అంది షువెన్. "ఎడమ మడమ దగ్గర పని మిగిలింది. మా నాన్న సగంలో వదిలే రకం కాదు. నువ్వు కూర్చో నాన్నా. నేను రుద్దుతాను, నువ్వు వేలు పెట్టి చెప్పు."

ఆ చలికాలమంతా, వీలైనప్పుడల్లా, తండ్రీ కూతుళ్లు ఆ బల్లకు చెరోవైపు కూర్చున్నారు. ఆమె తర్వాత హార్బిన్ వెళ్లింది, గెలిచింది, ఓడింది, కాలు విరిగి ఒక ఏడు కూర్చుంది, మళ్లీ లేచింది. పరాయి దేశపు మంచు మీద పరుగెత్తిన తొలి జియాముసి పిల్ల ఆమే. అక్కడ మూడో స్థానం పతకం తెచ్చింది. సందంతా ఇంటికొచ్చి పతకాన్ని చేతులు మార్చుకుంటుంటే, బావోతియెన్ మాత్రం బూట్లు తీసుకుని కిటికీ వెలుగులోకి వెళ్లాడు. బ్లేడు పొడవునా గోరు నడిపాడు. రెండోసారి నడిపాడు.

"ఎవరు నూరారు?"

"నేనే."

ఆయన తప్పు వెతికాడు, దొరకలేదు. బూట్లను గుడ్డలో చుట్టి కూతురికిచ్చాడు.

మర్నాడు పొద్దున షువెన్ జావ కాస్తుంటే సందులోంచి తండ్రి కేక వినబడింది. గొంతు ఎప్పటికన్నా పెద్దది. కేక చివర కొత్త మాటొకటి చేరింది.

"కత్తెరలు నూరతాం, కూరకత్తులు నూరతాం. స్కేటు బూట్లయితే మా అమ్మాయినడగండి."