తాబేలు తలుపు తట్టింది

గ్రంథాలయం నుంచి వచ్చిన చిరిగిన పుస్తకాల కట్టలో ఆ తాబేలు కథ కనిపించేసరికి, బైండింగ్ పనిచేసే ఆవిడ చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. చిన్నప్పుడు ఆ పుస్తకాన్ని అక్క గొంతు మార్చి మార్చి చదివి వినిపించేది.

ఆ అక్కతో మాటల్లేక తొమ్మిదేళ్లయింది. ఒక పెళ్లిలో నలుగురి ముందూ అక్క ఒక మాట తూలితే ఈవిడ రెండు అంది. అంతే, ఇద్దరూ బిగుసుకుపోయారు. ఆ తర్వాత మంచి కబురైనా చెడ్డ కబురైనా ముందు అక్కే గుర్తొచ్చేది. ఫోను తీసి, మళ్లీ పెట్టేసేది.

కథలో తాబేలు నేస్తం మీద అలిగి వాగు దాటి వెళ్లిపోతుంది. వాన కురిసిన రోజున తిరిగొచ్చి, తలుపు తట్టి, "చలేస్తోంది" అంటుంది. నేస్తం పక్కకు జరిగి చోటిస్తుంది. అక్కడితో కథ సరి.

"తప్పెవరిదో చెప్పలేదేంటక్కా?" అని అప్పట్లో ఆమె పేచీ పెట్టింది.

"పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే," అంది అక్క.

యాభై రెండేళ్లొచ్చాక, ఊడిపోయిన ఆ చివరి పేజీని కుట్టబోతూ, తను ఇన్నేళ్లూ తప్పెవరిదో తేలాలనే భీష్మించుకు కూర్చున్నానని ఆమెకు తట్టింది. చేతులు తుడుచుకుని ఫోను చేసింది.

"అక్కా, నేనే."

అక్క ఇట్టే గుర్తుపట్టింది.

"గొంతేంటే అలా ఉంది? జలుబు చేసిందా?"

"లేదక్కా. నిన్ను చూడాలనుంది."

"చూడాలనుంటే రావాలి గానీ, ఫోన్లో ఏడుస్తారా పిచ్చిదానా! ఆదివారం వచ్చెయ్."

ఆ రోజు సోమవారం. ఆదివారం అంత దూరాన ఉంటుందని ఆమెకు అంతకుముందెప్పుడూ తెలియదు.