బల్ల మీది గుడ్డ

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద పరిచే తెల్లగుడ్డని ఉతికి ఇస్త్రీ చేయడం పెద్దకోడలి పని. మొగుడు సంఘపెద్ద కాబట్టి ఆ పని పెళ్ళితోపాటే వచ్చింది. గుడ్డలో ఒక్క ముడత కనబడినా, "దేవుడి బల్ల మీద నీ బద్ధకం పరుస్తావా?" అంటాడు. మోసుకెళ్ళేది మాత్రం ఆయనే, రెండు చేతుల మీద, పసిబిడ్డని మోసినట్టు. సొంత బిడ్డల్ని అలా ఎత్తుకున్న పాపాన పోలేదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఆ రొట్టె పంచే బల్ల ఉన్న ఆదివారానికి ముందురోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకరినొకరు క్షమాపణ అడగాలి. అడిగేవాళ్ళు తల వంచాలి, క్షమించేవాళ్ళు ఆ తల మీద చెయ్యి పెట్టాలి. పగ పెట్టుకుని రొట్టె ముట్టకూడదని మామగారు పెట్టిన పద్ధతి. మంచిదే. కాకపోతే వంగేది ఎప్పుడూ కోడలి తలే. కూర మాడిందని కంచం విసిరింది మొగుడు, మాడ్చినందుకు క్షమాపణ అడిగింది ఆమె. నలుగురిలో "దీనికి బుర్ర తక్కువ, ఓర్పు ఎక్కువ" అని నవ్వింది ఆయన, ముఖం ముడుచుకున్నందుకు అడిగింది ఆమె. "పోనీలే" అని ఆయన చెయ్యి పెడతాడు. ఆ చెయ్యి బరువు ఆమెకి బాగా తెలుసు. అత్తగారు చర్చిలో ఆడవాళ్ళకి చెప్పుకుంటుంది, "మా పెద్దది నేలతల్లి, తొక్కినా పలకదు" అని. విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. పలకకపోవడమే ఓర్పయితే గోడని మించిన పరిశుద్ధులెవరు? ఆమె ఓర్చుకుంది నిజమే. దెబ్బకి దెబ్బ వద్దని, తిట్టినవాడికీ వేడిగా అన్నం పెట్టాలని నమ్మింది, ఇప్పటికీ నమ్ముతుంది. అది ఆమె దేవుడికిచ్చుకున్న మాట. వీళ్ళు దాన్ని కాళ్ళు తుడుచుకునే పట్టా చేసుకున్నారు.

ఈ సాయంత్రం ఇస్త్రీ అవుతుండగానే పిలుపొచ్చింది. మడతపెట్టిన గుడ్డ చేతిలో పట్టుకునే ముందుగదిలోకి వెళ్ళింది. తోడికోడలు గోడవార నిలబడి ఉంది. కొత్తగా వచ్చిన పిల్ల. మళ్ళీ ఉద్యోగానికి వెళ్తానన్నందుకు పొద్దున మరిది కొట్టాడు. పెదవి చిట్లింది, నోరు తెరవబోతే రక్తం ఊరుతోంది.

"ఎదురు మాట్లాడాను, క్షమించమని అడుగమ్మా," అంది అత్తగారు. "నామోషీ ఏముంది? మీ అక్కని చూసి నేర్చుకో."

"త్వరగా కానివ్వండి, క్షమించడానికి నేను రెడీ," అన్నాడు మరిది, కుర్చీలో కాళ్ళూపుతూ. సంఘపెద్ద నవ్వాడు.

అక్కని చూసి. ఆ మాట పెద్దకోడలికి సూదిలా దిగింది. తన ఓర్పు తన సొంతమనుకుంది ఇన్నాళ్ళూ. అది పేని, ఈ పిల్ల మెడకి తాడు చేస్తారని అనుకోలేదు.

"అక్కా..." అంటూ పిల్ల వంగబోయింది. పెద్దకోడలు భుజం పట్టి ఆపింది. తెల్లగుడ్డ మడత విప్పింది. పక్కనున్న నీళ్ళ గ్లాసులో కొస ముంచి ఆ పెదవి తుడిచింది, నెమ్మదిగా, తన పిల్లల మూతి తుడిచినట్టు. తెలుపు మీద ఎరుపు పాకింది.

"ఏమే! అది దేవుడి గుడ్డ!" మొగుడు లేచాడు.

"తెలుసండీ. ఉతికేది నేనేగా." ఆమె గొంతు పెరగలేదు. మరిది వైపు తిరిగింది. "అడగాల్సింది నువ్వు, బాబూ. లేచి తల వంచు. క్షమించడమా మానడమా ఈ పిల్ల ఇష్టం. సోమవారం నుంచి ఉద్యోగానికి తనకి తోడు నేను వెళ్తాను."

"నీ ఓర్పు ఏ గంగలో కలిసిందే?" అంది అత్తగారు.

"ఎక్కడికీ పోలేదత్తయ్యా. అందరికీ అన్నం వండే ఉంచాను, కొట్టిన చేతిక్కూడా. చల్లారకముందే తినండి."

"మరి రేపు బల్ల మీద ఏం పరవమంటావ్?" మొగుడు పళ్ళు కొరికాడు.

ఆమె గుడ్డని మరక పైకొచ్చేలా పొందిగ్గా మడిచింది. ఆయన రెండు చేతుల మీద పెట్టింది.

"ఇదే. మోసుకెళ్ళండి."